ఒకే పేరు, రెండు తాళాలు

“బటన్ నొక్కింది నేనే,” అన్నాడు ఆపరేటర్. “ఆ సంగతి మీరు అడగక్కర్లేదు.”

డిటెక్టివ్ అడగలేదు. క్యాంటీన్ వెనక సరుకులు పెట్టుకునే గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆపరేటర్ రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టాడు. వాటిని తనవి కానట్టు చూస్తున్నాడు.

మూడు రోజుల క్రితం ఈ సబ్బుల ఫ్యాక్టరీలో, మూడో నంబరు మిక్సర్ లోపలికి దిగి రెక్కలకు పట్టిన సబ్బు గీకుతున్న ఫిట్టర్ ఒకాయన, మిక్సర్ ఉన్నట్టుండి తిరగడంతో చనిపోయాడు. కంట్రోల్ రూములో కూర్చుని దాన్ని తిప్పిన ఈ ఆపరేటర్ ఆ ఫిట్టర్‌కి స్వయానా బావమరిది. డిటెక్టివ్‌ని పిలిపించింది ఫిట్టర్ భార్య, అంటే ఇతని అక్క. నిన్న ఆవిడ ఇంటికి వెళ్తే, ఆరిన బట్టలు మడతపెడుతూనే మాట్లాడింది. “మా తమ్ముడే నొక్కాడంటున్నారు. నొక్కే ఉంటాడు. తెలిసి నొక్కాడా, తెలియక నొక్కాడా, అదొక్కటి తేల్చి చెప్పండి. వాణ్ణి గడప లోపలికి రానివ్వాలో వద్దో ఆ తర్వాత నేను చూసుకుంటాను.” మడతపెట్టిన వాటిలో చనిపోయినాయన చొక్కాలు కూడా ఉన్నాయి. ఆవిడ వాటిని వేరు చేయలేదు.

“నొక్కే ముందు స్క్రీన్ మీద ఏముంది?” అడిగింది డిటెక్టివ్.

“పచ్చగా ఉంది.”

“లోపల మనిషి ఉంటే?”

“ఎర్రగా వస్తుంది. తాళం బొమ్మ పడుతుంది. మనం ఎంత నొక్కినా మిక్సర్ కదలదు. లోపలికి దిగేవాళ్ళు ముందు ట్యాబ్‌తో తాళం వేసుకునే దిగాలి. ఇదివరకు నిజం తాళంకప్పలు ఉండేవి. స్విచ్‌కి కప్ప వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగేవాళ్ళు. పోయిన ఏడాది అవి తీసేసి కంప్యూటర్‌లో పెట్టారు.”

“మీ బావ తాళం వేసుకోకుండా దిగే రకమా?”

“మా బావ ఇంటి తలుపుకి గడియ పెట్టి, పెట్టానా లేదా అని మళ్ళీ లేచెళ్ళి చూసే రకం.”

“మీ ఇద్దరికీ పడదంటున్నారు.”

“మాటల్లేవు. పండ్రెండు మంది చూస్తుండగా ఇదే క్యాంటీన్లో నన్ను కొట్టాడు. తాగి డ్యూటీకి వచ్చానని.” అతను ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. “అప్పట్నుంచీ నేను చుక్క ముట్టలేదు. ఆ సంగతి ఆయనకి తెలీదు. మాటల్లేవు కదా.”

డిటెక్టివ్ చేతులు బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఆమె. ఎదుటివాళ్ళు ఏడిస్తే ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఏడవనివాళ్ళ ముందే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

“మీ బావంటే గిట్టనివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?”

“ఎవరూ లేరు.” కొంచెం ఆలోచించాడు. “పోయిన ఏడాది ప్యాకింగ్ మిషన్లో ఒకతని చెయ్యి పోయింది. అది అతని తప్పేనని సేఫ్టీ ఆఫీసర్ రిపోర్టు రాశారు. అతను కోర్టుకెళ్ళాడు. నేనూ బావా చూశాం కాబట్టి సాక్ష్యానికి రమ్మన్నారు. వచ్చే వారం విచారణ. గిట్టకపోవడమంటే అంతే. ఆఫీసర్ గారు మాతో మామూలుగానే ఉన్నారు. ఇప్పుడు కూడా, నువ్వు కంట్రోల్ రూములో కూర్చోలేవులే అని నన్ను క్లీనింగ్‌కి మార్చారు.” లేచి నిలబడ్డాడు. “నేను వెళ్ళనా మేడం? పని ఉంటే ఏదీ గుర్తు రాదు.”

ఆమె వెళ్ళమంది.

మూడో మిక్సర్ ఉన్న షెడ్డు తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ కనిపించాడు. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు బెల్టు బిగించి, ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“మీరు రిటైరయ్యారు కదా మేడం. హాయిగా మనవరాలిని ఆడించుకోక ఎందుకీ తిరుగుడు?”

“మనవరాలికి పళ్ళొస్తున్నాయి. దానికంటే నువ్వే నయం. సీలు తియ్యి.”

“ఇందులో చూడ్డానికేం లేదు. పాస్‌వర్డ్ కొడితే తాళాన్ని తప్పించే ఏర్పాటు ఒకటుంది. ఓవర్‌రైడ్ అంటారు. ఆ పాస్‌వర్డ్ మీ ఆపరేటర్‌కి తెలుసు. బావ చెంపదెబ్బ మనసులో పెట్టుకుని, లోపల ఉన్నాడని తెలిసే తిప్పాడు. సాయంత్రానికి అరెస్టు చేస్తున్నా.”

వెనక నుంచి సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. తెల్ల హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. “చూపించండి సార్, పర్వాలేదు. మా వాళ్ళలో ఒకణ్ణి పోగొట్టుకున్నాం. ఎవరు చూస్తానన్నా మేం కాదనం,” అన్నాడు మెత్తగా.

మూడో మిక్సర్ మనిషెత్తు ఉంది. మూత తెరిచే ఉంది. లోపల కడిగేశారు. డిటెక్టివ్ లోపలికి తొంగిచూసి, చూడాల్సింది చూసి, తల బయటకు తీసింది. గోడకున్న ఛార్జింగ్ స్టాండులో ట్యాబ్ ఒకటి పెట్టి ఉంది.

“ఇది ఆయనదేనా?”

“ఆయనదే,” అన్నాడు సేఫ్టీ ఆఫీసర్. “తాళం వేసుకుని అక్కడ పెట్టి దిగుతారు. పని అయ్యాక వచ్చి తీసుకుంటారు.”

ఆమె పెన్ను కొనతో స్క్రీన్ తాకింది. వెలిగింది. ఎర్రటి తాళం బొమ్మ. దాని కింద ‘ఎమ్-03, తాళం వేసి ఉంది’ అన్న మాటలు. పక్కన ఫిట్టర్ ఫొటో. ఫొటోలో ఆయన కాలరు బొత్తాం మెడదాకా పెట్టుకుని ఉన్నాడు.

“తాళం వేసే దిగాడన్న మాట,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “నేను చెప్పిందే కదా. ఓవర్‌రైడ్ కొట్టాడు.”

డిటెక్టివ్ ఫోను తీసి, డేటాబేస్ చూసుకునే ఇంజనీరుకి చేసింది. స్క్రీన్ మీద ఎర్ర తాళం పడ్డప్పుడల్లా అందరూ అతనికే ఫోన్ చేస్తారు కాబట్టి ఫ్యాక్టరీలో అతన్ని ‘తాళాలాయన’ అంటారు. ఈ రోజు పొద్దున్నే ఆమెకి పరిచయమయ్యాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

“ఓవర్‌రైడ్ కొడితే ఈ ట్యాబ్‌లో తాళం బొమ్మ ఏమవుతుంది?”

“పోతుందండీ. ఓవర్‌రైడ్ అంటే ఆ ట్యాబ్ కనెక్షన్‌ని తెంచెయ్యడమే. కనెక్షన్ తెగితే తాళం ఊడిపోతుంది, బొమ్మ కూడా పోతుంది.”

“బొమ్మ అలాగే ఉంటే?”

అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడైంది. “ఉంటే తాళం ఇంకా ఆయన దగ్గరే ఉన్నట్టు. మేడం, దయచేసి ఆ ట్యాబ్‌ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. నేను ఇక్కడ చూస్తాను, మీరు రండి.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే చేతికి గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. “బొమ్మ బిగుసుకుపోయుంటుంది. దీన్ని తీసుకెళ్ళి ల్యాబ్‌కి పంపిస్తా.”

“ఇక్కణ్ణుంచి తీసుకెళ్తే కనెక్షన్ తెగి సాక్ష్యం పోతుంది.”

“సాక్ష్యం నా చేతిలో ఉంటే ఎలా పోతుంది మేడం?”

“నీ చేతిలో ట్యాబ్ ఉంటుంది. తాళం ఉండదు. అది ట్యాబ్‌లో లేదు. అక్కడ, డేటాబేస్‌లో ఉంది. ఈ ట్యాబ్ కనెక్షన్ తెగనంతసేపే ఉంటుంది.”

“తీసెయ్యడమే మంచిదండీ,” అన్నాడు సేఫ్టీ ఆఫీసర్ నెమ్మదిగా. “పోయిన మనిషి ఫొటో అలా వెలుగుతుంటే ఇటు నడవడానికే మా వాళ్ళకి కాళ్ళు రావట్లేదు.”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. డిటెక్టివ్ స్టాండుకి వీపు ఆనించి నిలబడింది. గొంతు పెంచలేదు. “తాళం ఉండగానే మిక్సర్ తిరిగింది. నువ్వు చెప్పిన ఓవర్‌రైడ్ కథ ఇక్కడితో సరి. ఇప్పుడు నువ్వు దీన్ని తీస్తే, రేపు కోర్టులో ‘ఎందుకు తీశావు’ అని ముందు నిన్నే అడుగుతారు. తీయకుండా నాతో కంప్యూటర్ గదికి వస్తే, నేను చెప్పింది తప్పని తేలినా నీకు పోయేదేం లేదు.”

అతను దవడ బిగించి ఆమె వంక చూశాడు. తర్వాత గ్లవ్స్ ఊడదీసి, తలుపు దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిచాడు. “ఇక్కడే ఉండు. ఎవరొచ్చినా, నేనొచ్చినా సరే, దీన్ని తాకనివ్వకు.”

“నాకు కొంచెం పనుంది,” అని సేఫ్టీ ఆఫీసర్ హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ కదలలేదు. మిక్సర్ మూత పక్కనున్న స్టిక్కర్‌ని చూస్తోంది. ఫిట్టర్లు ట్యాబ్‌తో స్కాన్ చేసేది దాన్నే. నల్ల గీతలు, వాటి కింద నంబరు. మిక్సర్ ఒంటి నిండా సబ్బు తెట్టు కట్టి తెల్లగా ఉంది. స్టిక్కర్ మాత్రం నిగనిగలాడుతోంది. గోటితో మూల గీకింది. అది లేచింది. దాని కింద పసుపుపచ్చగా మారిన పాత స్టిక్కర్ ఉంది.

“రెండింటి మీదా ఒకటే నంబరు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వంగి చూసి. “పాతది మాసిపోతే కొత్తది వేశారు. అదీ నేరమేనా?”

“పాతదాన్ని ఇంకా చదవగలుగుతున్నావు కదా,” అంది డిటెక్టివ్. “మాసిపోనిదాని మీద ఎందుకు వేశారు?”

ఆమె పాతదాన్ని ఫోనులో ఫొటో తీసి, కొత్తదాన్ని ఊడదీసి కాగితంలో మడుచుకుంది.

కంప్యూటర్ గది ఆవరణకి అవతలి కొసన ఉంది. తాళాలాయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. నిద్రపోయిన మొహం కాదు.

“నాకు తెలియనివాళ్ళకి చెప్పినట్టు చెప్పు,” అంది డిటెక్టివ్.

“డేటాబేస్ తన లెక్కలు చెడిపోకుండా తనే వేసుకునే తాళాలు కొన్నుంటాయి. వాటి సంగతి వేరు. ఇవి మేం ప్రోగ్రాములో రాసుకున్నవి. ‘ఫలానా పేరు నాది, నేను వదిలేదాకా ఇంకెవరికీ ఇవ్వకు’ అని డేటాబేస్‌కి చెప్పి పెట్టుకోవడం, అంతే. ఫిట్టర్ స్కాన్ చేస్తే స్టిక్కర్ మీదున్న పేరుతో తాళం తీసుకుంటాడు. కంట్రోల్ రూములో స్టార్ట్ నొక్కితే, ఆ ప్రోగ్రాము కూడా ముందు అదే పేరుతో తాళం అడుగుతుంది. ఇంకొకరి దగ్గరుంటే ఒక నిమిషం వరసలో నిలబడి చూస్తుంది. దొరక్కపోతే ఎరుపు చూపించి ఊరుకుంటుంది.”

“ఆ పేరుతో నిజంగా మిక్సర్ ఉందో లేదో డేటాబేస్ చూడదా?”

“చూడదు. దానికి మిక్సర్ తెలీదు, మనిషీ తెలీదు. పేరొక్కటే తెలుసు. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే తాళం.” అతను తల దించుకున్నాడు. “పేరు సరైనదా కాదా చూడమని మేమైనా రాయాల్సింది. రాయలేదు.”

స్క్రీన్ వాళ్ళవైపు తిప్పాడు. ఇప్పుడు ఎవరి చేతిలో ఏ తాళం ఉందో చూపించే పట్టిక అది. వదిలేసిన తాళాలు అందులో కనిపించవు. ఫిట్టర్ తాళం కనిపించింది, మూడు రోజులుగా ఎవరూ వదిలించలేదు కాబట్టి.

“ఎమ్-03. ఇది సరిగ్గానే ఉందిగా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నేనూ పొద్దున్న అలాగే అనుకున్నాను సార్. మేడం ఫోన్ చేశాక అక్షరాలు విడగొట్టి చూశాను. కంట్రోల్ రూము అడిగే పేరులో ఉన్నది సున్నా. ఆయన పట్టుకున్న పేరులో ఉన్నది సున్నా కాదు. ఇంగ్లీషు అక్షరం ఓ.”

డిటెక్టివ్ కాగితంలో మడిచి తెచ్చిన కొత్త స్టిక్కర్‌ని దీపం కింద పెట్టింది. ఫోనులో పాత స్టిక్కర్ ఫొటో తెరిచి పక్కన పెట్టింది. పాతదాంట్లో సున్నా సన్నగా, కోలగా ఉంది. కొత్తదాంట్లో గుండ్రంగా ఉంది. చెబితే తప్ప కనపడదు. చెప్పాక ఇంకేదీ కనపడదు.

“అంటే ఆయన వేసుకున్న తాళం…” ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు.

“లేని మిక్సర్‌కి వేసుకున్నాడు. తాళం పడిందన్న ధైర్యంతో ఉన్నదాంట్లోకి దిగాడు. బావమరిదికి పచ్చగానే కనిపించింది. అతను అబద్ధం చెప్పలేదు.” ఆమె గొంతులో గెలిచినట్టు ఏమీ లేదు. “ఈ స్టిక్కర్లు ఎక్కడ ప్రింట్ చేస్తారు?”

“సేఫ్టీ ఆఫీసర్ గదిలో. మిషను అక్కడొక్కచోటే ఉంది.”

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. స్క్రీన్ మీద కొత్త వరస ఒకటి పడింది.

తాళాలాయన కళ్ళజోడు కిందికి లాక్కున్నాడు. “ఎమ్-01. ఇప్పుడే ఎవరో ఒకటో మిక్సర్‌కి తాళం వేసుకున్నారు.” మీటలు నొక్కాడు. “ఇదీ ఓ. సున్నా కాదు.”

“ఎవరు?”

“ఆపరేటర్. క్లీనింగ్‌కి మార్చిన అతనే.”

ఒకటో మిక్సర్ ఆవరణకి అవతల, వేరే షెడ్డులో ఉంది. ఇన్‌స్పెక్టర్ తలుపు తోసుకుని పరుగెత్తాడు. డిటెక్టివ్ ఆపరేటర్‌కి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మిక్సర్లోకి దిగేవాళ్ళు ఫోను పైనే పెడతారని ఆమెకి అప్పుడు తట్టింది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసింది.

“సరైన పేరుతో ఆ తాళం నువ్వే తీసుకో,” అంది. “సున్నాతో. ఇక్కడి నుంచి.”

తాళాలాయన ఆమె వంక చూడలేదు. అతని వేళ్ళు ఒకసారి తప్పు కొట్టాయి, చెరిపి మళ్ళీ కొట్టాయి. వరస పడింది. “వచ్చింది. ఇప్పుడది నాది.”

“నువ్వు వదిలేదాకా మిక్సర్ తిరగదు కదా?”

“తిరగదు. స్క్రీన్ మీది ఈ కిటికీ మూసుకుపోకూడదు, కరెంటు పోకూడదు, అంతే.” చేతులు కీబోర్డు మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, తగిలితే ఏమవుతుందోనన్నట్టు.

అతను చేతులు తీసీ తీయగానే దాని కింద ఇంకో వరస పడింది. అదే పేరు, సున్నాతో. పక్కన ‘వేచి ఉంది’ అని రాసుంది.

“ఎవరో స్టార్ట్ నొక్కారు,” అన్నాడు తాళాలాయన. “నా వెనక వరసలో ఉన్నారు.”

“కంట్రోల్ రూమా?”

“కాదు. స్టార్ట్ చేసే అధికారం ఇంకొక్క కంప్యూటర్‌కే ఉంది.” కంప్యూటర్ పేరు మీద వేలు పెట్టి చూపించాడు. “సేఫ్టీ ఆఫీసర్ గారిది.”

ఇద్దరూ ఆ వరసనే చూస్తూ కూర్చున్నారు. అవతల ఒక మనిషి, తన గదిలో కూర్చుని, లోపల ఇంకో మనిషి ఉన్నాడని తెలిసే, పచ్చరంగు కోసం ఎదురుచూస్తున్నాడు. అరవాలనిగానీ లేవాలనిగానీ డిటెక్టివ్‌కి అనిపించలేదు. ఫోను తీసి స్క్రీన్‌ని ఫొటో తీసింది. నిమిషం నిండింది. వరస మాయమైపోయింది.

“నేను ఫోన్ చేసేదాకా వదలకు,” అని తాళాలాయనతో చెప్పి ఆమె బయటికి నడిచింది.

ఆమె వెళ్ళేసరికి ఆపరేటర్ ఒకటో మిక్సర్ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని చంకల్లో చేతులు వేసి బయటికి లాగినట్టుంది. ఇన్‌స్పెక్టర్ చొక్కా మీద కూడా సబ్బు అంటుకుంది. రొప్పుతున్నాడు. ఆపరేటర్ మాత్రం తీరిగ్గా గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు.

డిటెక్టివ్ జరిగింది చెప్పింది. స్టిక్కరు, సున్నా, ఓ, సేఫ్టీ ఆఫీసర్ కంప్యూటర్. అతను విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు.

“నన్ను దిగమన్నది ఆయనే,” అన్నాడు. “తాళం వేసుకున్నావా, చూసుకో అని కూడా అన్నారు.”

“వచ్చే వారం మీరు సాక్ష్యం చెప్పకుండా ఆపడానికే ఇదంతా. మీరిద్దరూ లేకపోతే ఆ ప్యాకింగ్ మిషన్ కేసు నిలవదు.”

“అంటే నేను తెలియకే నొక్కాను.”

“తెలియకే.”

“మీరు మా అక్కకి చెప్పండి. నేను చెబితే…” గుడ్డ మడిచాడు, మళ్ళీ విప్పాడు. “కానీ మేం లేకపోయినా కేసు నిలుస్తుంది మేడం. ఆ రోజు అతని చెయ్యి పోవడం బావ ఫోన్లో వీడియో తీశాడు. చేతికి అడ్డుండే రేకు గార్డు ఊడదీసిన మిషన్ని ఆఫీసర్ గారే నడపమనడం అందులో ఉంది. ఎవరికీ చూపించలేదు. తీస్తుండగా ఆఫీసర్ గారు చూసే ఉంటారు. కోర్టులోనే చూపిస్తానన్నాడు.”

“ఆ ఫోను ఎక్కడుంది?”

ఆ ప్రశ్నకు జవాబు ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. అతని మొహం చూస్తే ఆమెకు పాత రోజుల కుర్రవాడు గుర్తొచ్చాడు, చేయకూడనిది చేసి వచ్చి నిలబడ్డవాడు. “ఒంటి మీదివీ, మిక్సర్ బయట పెట్టినవీ అన్నీ నిన్న సాయంత్రం ఆయన భార్యకి ఇచ్చేశాం. ఫోను కూడా. ఆఫీసర్ పొద్దున్న మర్యాదకే అడుగుతున్నాడనుకున్నా మేడం. ఫోను ఎవరి దగ్గరుందని అడిగితే చెప్పేశాను.”

డిటెక్టివ్ గేటుకి ఫోన్ చేసింది. సెక్యూరిటీ మనిషి తొందరేమీ లేకుండా జవాబిచ్చాడు.

“సేఫ్టీ ఆఫీసర్ గారా? ఇప్పుడే కారేసుకుని వెళ్ళారండీ. చనిపోయినాయన ఇంటికి పరామర్శకి వెళ్ళొస్తానని చెప్పారు.”

ఆపరేటర్ లేచి నిలబడ్డాడు. చేతిలోని గుడ్డ జారిపోయింది, అతను చూసుకోలేదు.

“అక్క ఒక్కతే ఉంది,” అన్నాడు.